మేజోడు తొడుక్కున్న ఆపిల్

జూరకాన్ రోజూ పొద్దున్నే పిడకల పొయ్యి మీద టీ నీళ్ళు పడేసి, ఫోను చొక్కాలో దోపుకుని గుట్ట ఎక్కేది. ఆ కొండమేత మొత్తం మీద ఫోను పలికేది ఆ గుట్ట కొసనే. అక్కడైనా ఊరికే పలకదు. ఒంటికాలి మీద నిలబడి, కింద లోయ వైపు మెడ సాచి, ఊపిరి బిగబట్టి వినాలి. యాభై దాటిన మనిషి నడుముకి రెండు శాలువాలు చుట్టుకుని కొంగలా నిలబడి "అత్తయ్యా, ఎన్నున్నాయి?" అని అరుస్తుంటే, వెంట వచ్చిన కుక్క కూడా సిగ్గుపడి తల తిప్పుకునేది.

ఎన్ని అంటే ఆపిల్ పళ్ళు.

కింద ఊళ్ళో జూరకాన్ పెరట్లో ఒకే ఒక్క ఆపిల్ చెట్టుంది. ఆమె పుట్టిల్లు పెద్ద సరస్సు ఒడ్డున. అక్కడ శరత్కాలం వస్తే ఆపిల్ పళ్ళు కాళ్ళకి అడ్డం పడతాయి, తినేవాళ్ళు లేక ఆవులకి వేస్తారు. చిన్నవాడు పుట్టినప్పుడు చూడటానికి వచ్చిన వాళ్ళమ్మ తడిగోనెలో ఒక మొక్క చుట్టి తెచ్చింది. అది చూసి జూరకాన్ మొగుడు సగినాలి పగలబడి నవ్వాడు. "ఈ చలికి మా గాడిదలే పళ్ళు కొరుక్కుంటాయి, నీ మొక్క పళ్ళు కాస్తుందా? ఉండనీలే, పెద్దయ్యాక పొయ్యిలోకి మంచి కట్టె అవుతుంది" అన్నాడు. అప్పట్నుంచీ దాని పేరు కట్టె అయింది. "నీ కట్టెకి నీళ్ళు పోశావా? నీ కట్టె చిగురేసిందా?" అని ఏడిపించడం అతనికి సరదా. జూరకాన్‌కి మాత్రం ఒళ్ళు మండేది.

ఆ కట్టె ఈ ఏడు కాసింది. మొదటిసారి కాసింది. కాసిందని ఆమె కళ్ళారా చూసింది కూడా లేదు. కాయలు గోళీలంత ఉన్నప్పుడే మందతో పాటు కొండెక్కాల్సి వచ్చింది. చెట్టుకి కాపలా పెట్టి వచ్చింది మొగుడి పిన్ని బత్మకాన్‌ని. ఆవిడకి డెబ్బై దాటాయి. పెరట్లోనే ఒక గదిలో ఉంటుంది, కొండెక్కడం మానేసి చాలాకాలమైంది.

"నిన్నటికంటే తగ్గాయే అమ్మాయ్," అంది ఫోన్లో ముసలావిడ. "పొద్దున్న తెల్లపొట్ట కాకి ఒకటి ఎత్తుకుపోయింది. మొన్న గాడిద మెడ సాచి మరోటి తినేసింది."

"కర్ర పట్టుకుని కూర్చోమన్నాను కదా అత్తయ్యా!"

"కూర్చున్నానే. కూర్చున్నాక నిద్ర రాదా మరి? ముసలిదాన్ని ఎండలో చెట్టుకింద కూర్చోబెట్టి నిద్రపోకూడదంటే ఎట్లాగే? పోనీ ఉన్నవి కోసి పెట్టెలో దాచెయ్యనా?"

"వద్దొద్దు! ముట్టుకోవద్దు. ఇన్నేళ్ళు నీళ్ళు పోసింది నేను. నా చేత్తో కోసుకుని, చెట్టుకిందే నిలబడి కొరుక్కుని తినాలి. ఒకటి మీ అబ్బాయి నోట్లో కుక్కాలి."

"అయితే తొందరగా దిగి రండే. ఊళ్ళో అందరూ దిగారు. మీరూ, ఆ దోత్‌బెక్ వాళ్ళూ అక్కడ గుడ్లు పొదుగుతున్నారా ఏమిటి?"

పొదగడం లేదు గానీ, అలాంటిదే చేస్తున్నారు. చెప్పుకుంటే సిగ్గుచేటు.

కొండ దిగి ముందు ఇల్లు చేరినవాళ్ళు, తరవాత దిగినవాళ్ళని పిలిచి ఒరులుక్ పెట్టాలి. అంటే గొర్రెని కోసి విందు చెయ్యాలి. కాలం మారి ఇంటికి వచ్చినవాళ్ళకి అది స్వాగతం. దిగడమంటే ఊళ్ళో కాలు పెట్టడం కాదు. ఇంట్లో పొయ్యి వెలిగి, పొగగొట్టంలోంచి పొగ లేవాలి. అది మంచి ఆచారమే. దాని మూలంగా ఎవరూ చల్లటి ఇంట్లోకి వచ్చి ఆకలితో పడుకోరు. కానీ ఎంత మంచి ఆచారమైనా ఇద్దరు మొండివాళ్ళ చేతికి చిక్కితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

సగినాలి, దోత్‌బెక్ ఒకే ఈడువాళ్ళు. ఒకే వేసవిలో, ఇదే మేత మీద, పక్కపక్క గుడారాల్లో పుట్టారు. ఎవరు ముందో ఎవరికీ తెలియదు. చెప్పాల్సిన తల్లులు చెప్పకుండానే వెళ్ళిపోయారు. కాగితాలు రాసిన గుమస్తా బద్ధకించి ఇద్దరికీ జనవరి ఒకటి రాసి పడేశాడు. దానివల్ల ఇన్నేళ్ళూ ఏ ఇబ్బందీ రాలేదు. ఒకరి గొర్రె ఒకరు మేపుకున్నారు, గుర్రప్పాలు పులియబెట్టిన కుమిస్ ఒకరిది ఒకరు తాగి తూలారు. పోయిన శరత్కాలంలో సగినాలి మేనమామ కొడుకు ఇద్దరికీ కలిపి ఒరులుక్ పెట్టాడు. మర్యాద తెలిసిన ఇంట్లో ఎవరి వయసుకి తగ్గ ఎముక వాళ్ళకి పెడతారు. తుంటెముక పెద్దవాడికి, జబ్బెముక ఆ తరవాతి వాడికి. వడ్డించే కుర్రాడు ఇద్దరి గడ్డాలూ చూశాడు. దోత్‌బెక్ గడ్డం కాస్త ఎక్కువ నెరిసింది. తుంటెముక అతని ముందు పెట్టి, జబ్బెముక సగినాలి ముందు పెట్టాడు.

"తిను తమ్ముడూ, తిను," అన్నాడు దోత్‌బెక్ మూతి తుడుచుకుంటూ.

అంతే. ఆ తమ్ముడు అన్న మాట సగినాలి గుండెలో గడ్డకట్టుకుపోయింది. ఈసారి దోత్‌బెక్ ముందు దిగాలి, వాడే తనకి ఒరులుక్ పెట్టాలి, వాడి చేత్తోనే తుంటెముక తీసి నలుగురిలో తన ముందు పెట్టాలి. అప్పటిదాకా కొండ దిగేది లేదని కూర్చున్నాడు. ఏడాది పొడుగునా సగినాలి నోట తనూ తమ్ముడే అయిన దోత్‌బెక్ కూడా సరిగ్గా అదే ఒట్టు పెట్టుకున్నాడు. పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నవాళ్ళు ఇద్దరైతే, ఆ కుందేలుకి కాళ్ళే మిగలవు.

కొడుకులు మందల్ని తోలుకుని ఊరవతల కోసిన చేలల్లోకి దిగిపోయారు. మిగతా గుడారాలన్నీ ఒక్కటొక్కటే లేచిపోయాయి. పచ్చిక పసుపుపచ్చబడి, ఆపైన తుప్పురంగుకి తిరిగింది. పొద్దున లేచేసరికి బకెట్లో నీళ్ళ మీద పలుచగా గాజుపలక కట్టేది. అంత పెద్ద మైదానంలో రెండంటే రెండు గుడారాలు, వాటి ముందు ఇద్దరు మగవాళ్ళు టోపీలు చెవుల మీదికి లాక్కుని, "అబ్బ, ఏం ఎండ కాస్తోంది తమ్ముడూ!" "అవును తమ్ముడూ, చొక్కా విప్పేద్దామా అనిపిస్తోంది!" అని వణుకుతూ అరుచుకునేవారు.

"మీ ఆయన రాత్రి నిద్రలో తుంటి తుంటి అని కలవరిస్తున్నాడా?" అని అడిగింది ఒకరోజు వాగు దగ్గర దోత్‌బెక్ పెళ్ళాం సోనున్.

"లేదు వదినా, పళ్ళు టకటకలాడి మాట అర్థం కావడం లేదు," అంది జూరకాన్.

ఒక రాత్రి సగినాలి రజాయి కింద నుంచి తల బయటపెట్టి, "ఉపాయం దొరికిందే!" అన్నాడు.

జూరకాన్ కంగారుగా లేచి కూర్చుంది. అతనికి ఉపాయం దొరికినప్పుడల్లా ఇంట్లో ఏదో ఒకటి విరిగేది.

"రేపు తెల్లారగానే గోలగోలగా సర్దుదాం. గిన్నెలు మోగాలి. వాడు చూడాలి. లారీ ఎక్కి వెళ్ళిపోదాం. కింద ఎర్రగుట్ట ఉందే, దాని వెనక్కి తిప్పి ఆపేస్తా. మనం దిగిపోయామనుకుని వాడు దర్జాగా దిగుతాడు. పొయ్యి రాజేస్తాడు. అప్పుడు మనం నింపాదిగా వెళ్తాం, చుట్టాల్లాగా!"

"గుట్ట వెనక ఎంతసేపుండాలి?"

"ఎంతసేపైనా ఉంటాం!"

జూరకాన్ ఆలోచించింది. సామాను లారీ ఎక్కితే సగం ఇల్లు చేరినట్టే. లారీకి ముందుచక్రాలు ఊరి వైపు ఉంటే ఇంకా మంచిది. "నీ బుర్రే బుర్ర," అని ఊరుకుంది.

తెల్లారింది. సగినాలి గిన్నె మీద గిన్నె కొట్టి, కుక్కని తిట్టి, గుడారం ఉన్ని కంబళ్ళు దులిపి, కొండలు మారుమోగేలా సర్దడం మొదలుపెట్టాడు. కాసేపటికి చెయ్యి ఆపి చెవి రిక్కించాడు. అవతల కూడా గిన్నెలు మోగుతున్నాయి. దోత్‌బెక్ కుక్క కూడా తిట్లు తింటోంది.

"వాడే వెళ్ళిపోతున్నాడే!" అని సగినాలి ఎగిరి గంతేశాడు. "ఓడిపోయాడే! తట్టుకోలేకపోయాడే!"

"అయితే మనం ఆగుదామా?"

ఆగుదామనే అనుకున్నాడు. కానీ అప్పటికే గుడారం కప్పు నిలబెట్టే కర్రచక్రం కిందికి దించేశాడు. పైగా దోత్‌బెక్ అక్కణ్ణుంచి మహా సంతోషంగా చెయ్యి ఊపుతున్నాడు. ఎందుకంత సంతోషమో సగినాలికి తట్టలేదు. ఇతనూ అంతకంటే సంతోషంగా చెయ్యి ఊపాడు. ఇద్దరూ లారీలెక్కి, "వెళ్ళొస్తా తమ్ముడూ!" "జాగ్రత్త తమ్ముడూ!" అని అరుచుకుని చెరో దారిన పోయారు. ఆ మేత నుంచి ఊరికి దారులు రెండు. రెండూ ఎర్రగుట్ట దగ్గర కలుస్తాయన్న సంగతి ఆ సంబరంలో ఇద్దరికీ గుర్తు రాలేదు.

సగినాలి గుట్టకి ఎడమ నుంచి తిప్పాడు. దోత్‌బెక్ కుడి నుంచి తిప్పాడు. రెండు లారీలూ గుట్ట వెనక మూతి మూతి రాసుకునేంత దగ్గరగా ఆగాయి. లోపల ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా స్టీరింగు పట్టుకుని కూర్చున్నారు.

చాలాసేపటికి దోత్‌బెక్ అద్దం దించాడు. "ఏం తమ్ముడూ, ఇంజను వేడెక్కిందా?"

"ఆఁ, వేడెక్కింది. నీదో తమ్ముడూ?"

"నాది చల్లబడింది. వేడెక్కాలని ఆపా."

సోనున్ అవతలి లారీలో ముఖం శాలువాలో దాచుకుంది. ఆమె భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. జూరకాన్‌కి మాత్రం నవ్వు రాలేదు. ఆకాశం బూడిదరంగుకి తిరిగి కిందికి దిగుతోంది. ఆ మబ్బు ఆమెకి తెలుసు.

మగవాళ్ళు దిగి, చెరో బానెట్ మీదా ఎక్కి, వీపులు తిప్పుకుని కూర్చుని టీ తాగసాగారు. మధ్యాహ్నమైంది. మంచు రేణువులు ఒకటీ అరా మొదలయ్యాయి. "ఇంజను ఇంకా చల్లబడలేదా?" అంటే "లేదు" అంటాడు ఒకడు. "ఇంకా వేడెక్కలేదా?" అంటే "లేదు" అంటాడు ఇంకొకడు. గుడారాలు లారీల మీద మూటలై ఉన్నాయి. తల దాచుకోవడానికి గొడుగు కూడా లేదు.

జూరకాన్ ఎర్రగుట్ట ఎక్కి, అలవాటైన ఒంటికాలు ఎత్తింది.

"ఒక్కటే మిగిలిందే!" అని అరిచింది బత్మకాన్. "పైకొమ్మ చివర ఒక్కటే. ఎర్రగా ఉంది, పెళ్ళికూతురి బుగ్గలాగా. ఇక్కడ గాలి మారింది. ఈ రాత్రి మంచు కురుస్తుంది, నా నడుం చెప్తోంది. గడ్డకట్టిపోతే ఇక అంతే. ఏం చెయ్యమంటావే? కోసెయ్యనా? నాకు అందదు కూడా..."

అక్కడ ఫోను తెగిపోయింది.

జూరకాన్ గుట్ట దిగివచ్చి మొగుడి ముందు నిలబడింది. "పోదాం పద," అంది.

"ఇంకాసేపు. వాడు విసిగిపోతున్నాడు, కనపడట్లేదా?"

"నా చెట్టుకి ఒక్కటే మిగిలింది. రాత్రికి అదీ పోతుంది."

"ఏ చెట్టు? కట్టా?" అన్నాడు సగినాలి.

ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఇంకో గంట ఆగేదేమో. జూరకాన్ గిరుక్కున తిరిగింది. తిన్నగా వెళ్ళి లారీ ఎక్కి స్టీరింగు ముందు కూర్చుంది. సమష్టి క్షేత్రం రోజుల్లో పాల లారీ నడిపిన చెయ్యి అది. తాళంచెవి లారీకే ఉంది. ఇంజను గర్రుమంది. బానెట్ మీద కూర్చున్న సగినాలి టీ ఒలకబోసుకుంటూ కిందికి జారాడు.

"ఏయ్! ఎక్కడికే?"

"ఇంటికి. మీరిద్దరూ ఇక్కడే కూర్చుని ఎవరు ముందు పుట్టారో తేల్చుకోండి. తేలాక కబురు పెట్టండి."

అటువైపు తలుపు తెరుచుకుంది. సోనున్ మూటలాగా ఎగిరి వచ్చి పక్కన పడింది. వెనకే కుక్కలు రెండూ ఎక్కాయి. అవి కూడా ఎవరి తెలివెంతో తేల్చుకున్నట్టున్నాయి.

"సోనున్! నువ్వు వెళ్తే మనం ముందు దిగినట్టవుతుందే!" అని దోత్‌బెక్ గగ్గోలు పెట్టాడు.

"పొయ్యి రాజెయ్యనులేవయ్యా! పొగ రాకపోతే దిగినట్టు కాదు!" అని అరిచింది సోనున్. లారీ మలుపు తిరిగింది. జూరకాన్ అద్దంలో చూస్తే ఇద్దరు మగవాళ్ళూ ఒకే లారీ పక్కన నిలబడి, చేతులు చాచి, జీవితంలో మొదటిసారి ఒకే మాట అరుస్తున్నారు. ఆ మాటేమిటో ఇంజను చప్పుడులో వినపడలేదు.

ఊరు చేరేసరికి మసక చీకటి పడుతోంది. అక్కడా సన్నగా మంచు కురుస్తోంది. జూరకాన్ లారీని పెరటిగోడకి దాదాపు గుద్ది ఆపి, దూకి, చెట్టు దగ్గరికి పరిగెత్తింది. పైకొమ్మ చూసింది. పక్కకొమ్మ చూసింది. చుట్టూ తిరిగి మళ్ళీ చూసింది. ఆకులు పసుపుపచ్చగా రెపరెపలాడుతున్నాయి. ఎరుపు ఎక్కడా లేదు. ఆమె మంచులోనే చతికిలబడింది. ఇన్నేళ్ళ నీళ్ళు, ఇన్నేళ్ళ ఎగతాళి, అన్నీ ఆ గుట్ట వెనక కూర్చుని పోగొట్టుకున్నాను కదా అని కళ్ళనీళ్ళు వచ్చాయి.

"కూర్చుంటావేంటే మంచులో! తడుస్తావు!" అంటూ బత్మకాన్ గుమ్మంలోంచి వచ్చింది. ఆవిడ ఒక కాలికి బూటుంది. రెండో కాలికి కూడా బూటుంది గానీ, లోపల మేజోడు లేదు. బూటు పైన తెల్లటి పిక్క కనపడుతోంది.

"ఎవరు తినేశారు అత్తయ్యా? కాకా, గాడిదా?"

"ఎవరూ తినలేదే. చలేస్తుందని తొడిగాను. నీకు కళ్ళు లేవా?"

జూరకాన్ తలెత్తింది. పైకొమ్మ చివర బూడిదరంగు ఉన్ని మేజోడు ఒకటి వేలాడుతోంది. పైన ఎర్రదారంతో ముడి వేసి ఉంది. మడమ దగ్గర గుండ్రంగా ఏదో ఉబ్బి ఉంది.

"కొమ్మ అందదన్నావుగా?"

"అందదు. పాలబకెట్టు బోర్లించి ఎక్కాను. ఒకసారి పడ్డాను. రెండోసారి నిలబడ్డాను. నువ్వు కొయ్యొద్దన్నావు గానీ, తొడగొద్దనలేదు కదా!"

జూరకాన్ ముసలావిడని గట్టిగా కావిలించుకుంది. తరవాత అదే బకెట్టు ఎక్కి, ముడి విప్పి, మేజోడులోకి చెయ్యి పెట్టి, తన చేత్తో తనే కోసింది. గుప్పెడంత, ఎర్రగా, మేజోడు వెచ్చదనంతో ఉంది అది. ఖాళీ మేజోడు తియ్యడం మరిచిపోయింది, అది కొమ్మకే ఉండిపోయింది. చెట్టుకిందే నిలబడి, అనుకున్నట్టే, కొరికింది.

అమ్మో, ఏం పులుపు! పళ్ళు జివ్వుమన్నాయి, ఎడమకన్ను తనంతట తనే మూసుకుపోయింది, చెవులు వెనక్కి వెళ్ళినట్టయింది. పుట్టింటి సరస్సు ఒడ్డున ఆవులు కూడా ఇలాంటిది ముట్టవు.

"ఎలా ఉందే?" అంది సోనున్ ఆత్రంగా.

"తేనె," అంది జూరకాన్ ఒంటికన్నుతో.

సోనున్ అందుకుని ఓ ముక్క కొరికింది. ఆమె ముఖం మీద ముడతలన్నీ ఒక్కచోటికి వచ్చాయి. నేస్తం కళ్ళలోకి చూసింది. "తేనె వదినా, పట్టుతేనె," అంది. బత్మకాన్‌కి పళ్ళు లేవు. నాలుకతో ఓసారి నాకి, గట్టిగా తుమ్మి, "తేనే!" అంది. ఆ మాటలో అబద్ధం ఎంతుందో ముగ్గురికీ తెలుసు. జూరకాన్‌కి మాత్రం నిజంగానే కడుపు నిండింది. పులుపైతేనేం, కాసింది కదా. మిగతాది శాలువా కొంగులో కట్టుకుంది.

ఆ రాత్రి రెండిళ్ళ పొగగొట్టాలూ చల్లగానే ఉన్నాయి. ఆడవాళ్ళిద్దరూ బత్మకాన్ గదిలో, ఏడాది పొడుగునా ఆరని ఆవిడ పొయ్యి పక్కన కాళ్ళు చాపుకుని పడుకున్నారు. "దిగినవాళ్ళు మీరు. ఎప్పట్నుంచో ఇక్కడున్నదాన్ని నేను. ఒరులుక్ నేనే పెడతాను," అంది ముసలావిడ. తెల్లారగానే తన ఒక్కగానొక్క పొట్టేలుని సోనున్ కొడుకు చేత కోయించింది. మధ్యాహ్నానికి పెద్ద బాణలిలో మాంసం కుతకుతలాడుతోంది. బోర్సోక్ పిండిముక్కలు గుట్టగా వేయించి, భోజనాల గుడ్డ దస్తర్‌ఖాన్ పరిచారు.

అప్పుడే ఊరి చివర ఇద్దరు మనుషులు కనపడ్డారు. నడిచి వస్తున్నారు. మోకాళ్ళదాకా తడి, గడ్డాలనిండా మంచు. లారీ లేదు.

లారీ సంగతి తరవాత తేలింది. దోత్‌బెక్ లారీ ఇంజను వేడెక్కాలని అంతసేపు ఆపాడా, అది పూర్తిగా చల్లబడి ఇక కదలనంది. ఒకడు తోసి, ఒకడు తిప్పాలి. పెద్దవాడు తొయ్యడం మర్యాద కాదు కాబట్టి ఇద్దరూ స్టీరింగు ముందు ఇరుక్కుని కూర్చుని, తోసేవాడి కోసం రాత్రంతా ఎదురుచూశారు. చలికి ఒకే కంబళి కప్పుకున్నారు గానీ మాట్లాడుకోలేదు. తెల్లవారాక కోపం పట్టలేక ఇద్దరూ ఒకేసారి దిగి, ఇద్దరూ ఒకేసారి తోశారు. లారీ కదిలింది. లోపల ఎవరూ లేరు. అది హాయిగా వాలులో దొర్లుకుంటూ వెళ్ళి, వాగు మధ్యలో, నీళ్ళు తాగే ఎద్దులాగా నిలబడింది. వాళ్ళు దిగి ఎంత లాగినా రాలేదు.

ఇప్పుడు గేటు దగ్గర అసలు చిక్కు వచ్చి పడింది. మాంసం వాసన ముక్కుల్ని కోసేస్తోంది. కానీ పెద్దవాడు ముందు అడుగుపెట్టాలి, ఆఖరున వచ్చినవాడే చుట్టం. ముందు వెళ్తే పెద్దవాడవుతాడు, కానీ చుట్టం కాడు. వెనక వెళ్తే చుట్టమవుతాడు, కానీ తమ్ముడైపోతాడు. ఇద్దరూ నిలబడి ఈ లెక్క మనసులో వేసుకుంటున్నారు. ఎన్నిసార్లు వేసినా తెగలేదు.

"వెళ్ళు," అన్నాడు సగినాలి.

"నువ్వు వెళ్ళు," అన్నాడు దోత్‌బెక్. ఈసారి తమ్ముడూ అనడానికి దవడలు కదల్లేదు.

గుమ్మంలోకి బత్మకాన్ వచ్చింది, చేతిలో గరిటెతో. "ఏమిట్రా మీ గొడవ? ఎవడు ముందు పుట్టాడో తెలియాలి, అంతేనా?"

ఇద్దరూ తలెత్తారు.

"ఆ ఏడు మేత మీద నేనున్నానురా! ఇంత పిల్లని. ఆ గుడారానికీ ఈ గుడారానికీ వేణ్ణీళ్ళు మోసింది ఎవరనుకున్నారు? ముందు ఏ గుడారంలో ఏడుపు వినిపించిందో నా చెవుల్లో ఇంకా ఉంది. ఇన్నేళ్ళలో మీలో ఒక్కడు వచ్చి, పిన్నీ, ఎవరు ముందు అని అడిగాడా? చెప్పనా ఇప్పుడు?"

జూరకాన్ మొగుడి ముఖం చూసింది. ఏడాదిగా నిద్రపోనివ్వని ఆ ప్రశ్నకి జవాబు గరిటె పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంటే, అతని ముఖం పాలిపోయింది. దోత్‌బెక్ ముఖం అంతకంటే అధ్వానంగా ఉంది. తమ్ముడని తేలితే? ఇక చచ్చేదాకా తమ్ముడే.

"వద్దు పిన్నీ!" అన్నాడు సగినాలి.

"వద్దొద్దు పిన్నీ, చలేస్తోంది!" అన్నాడు దోత్‌బెక్.

ఇద్దరూ ఒకేసారి గుమ్మంలోకి దూకారు. గుమ్మం చిన్నది. భుజాలు భుజాలూ ఇరుక్కుని ఇద్దరూ బిగుసుకుపోయారు. లోపల్నుంచి పెళ్ళాలు చెరో చెయ్యీ పట్టుకుని లాగితే సీసాకి బిరడా ఊడినట్టు వచ్చిపడ్డారు.

కూర్చున్నాక వడ్డన మొదలైంది. పళ్ళెంలో తుంటెముకలు రెండూ పొగలు కక్కుతున్నాయి. మగవాళ్ళిద్దరూ వాటివైపు, ఆ తరవాత ఒకరివైపు ఒకరు చూసుకున్నారు. గొర్రెకి తుంటెముకలు రెండుంటాయన్న సంగతి ఇంతకాలం ఎవరికీ ఎందుకు తోచలేదో!

బత్మకాన్ రెండు తుంటెముకలూ తీసి తన ముందే పెట్టుకుంది.

"ఇక్కడ అందరికంటే పెద్దదాన్ని నేను," అంది. "ఎవడికైనా అనుమానముందా?"

ఎవడికీ లేదు.

"మరి మాకో పిన్నీ?" అన్నాడు దోత్‌బెక్ నీరసంగా.

జూరకాన్ కొంగుముడి విప్పింది. మిగిలిన ఆపిల్ ముక్కని కత్తితో సరిగ్గా సగానికి కోసి, చెరో ముక్కా ఇద్దరి ముందూ పెట్టింది. "ఈ ఏడు మా ఇంట్లో ఇదే పెద్ద మర్యాద. కట్టెకి కాసింది," అంది. మొగుడి వైపు తిరిగింది. "తిని ఎలా ఉందో చెప్పు."

సగినాలి ఆ ముక్కని చేతిలో పట్టుకుని కాసేపు చూశాడు. నోట్లో వేసుకున్నాడు. మొదట అతని ఎడమకన్ను మూసుకుపోయింది. తరవాత కుడికన్ను కూడా. చెవులు కదిలాయి. అతను నమిలాడు, నమిలి మింగాడు, గింజ కూడా ఉమ్మకుండా మింగాడు. కళ్ళు తెరిచేసరికి నిండా నీళ్ళున్నాయి.

"తేనె," అన్నాడు.

"అంతేనా? ఇదెక్కడి తేనె, పంచదార!" అన్నాడు దోత్‌బెక్, ఓడిపోవడం ఇష్టం లేక తన ముక్క మింగి. అతని గడ్డం వణుకుతోంది. "ఇంకుందా జూరకాన్?"

"లేదు," అంది జూరకాన్. నవ్వు ఆపుకోలేక బయటికి పరిగెత్తింది. బయటికి వచ్చాక అది నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు.

సాయంత్రం ఆమె తన ఇంటి పొయ్యి వెలిగిస్తుంటే కిటికీలోంచి పెరడు కనపడింది. సగినాలి గుడారం కంబళి ఒకటి తెచ్చి చెట్టు మొదలు చుట్టూ చుడుతున్నాడు. అవతల దోత్‌బెక్ తాడు పట్టుకుని, "ముడి అట్లా కాదు, వదులుగా వెయ్యి, చెట్టుకి ఊపిరాడాలి," అంటున్నాడు.

"నాకు తెలుసులే. నీకు తెలుసా కట్టె... ఆపిల్ చెట్టు సంగతి? మా అత్తగారిది సరస్సు ఒడ్డు!"

"అయితే ఏంటి తమ్ముడూ?"

"ఏమన్నావు?"

"తాడు అందుకోమన్నా."

జూరకాన్ పొయ్యిలో ఇంకో పిడక వేసింది. గోడకవతల సోనున్ పొగగొట్టంలోంచి కూడా అప్పుడే మొదటి పొగ లేచింది. పైకొమ్మ చివర బూడిదరంగు మేజోడు ఇంకా ఊగుతూనే ఉంది. సగినాలి దాన్ని తియ్యబోతూ ఆగి, ఇంటివైపు తిరిగి అరిచాడు.

"ఇది తీసెయ్యాలా?"

"ఉండనియ్యి!" అంది ఆమె కిటికీలోంచి. "వచ్చే ఏడు మళ్ళీ కావాలి కదా!"

"ఒక కాలి మేజోడేగా ఉంది," అన్నాడు సగినాలి గొణుగుతూ, కంబళి ముడి బిగించి. "వచ్చే ఏడు ఒకటే కాస్తుందనా?" వంగి బూటు విప్పి, తన మేజోడు తీసి, పక్కకొమ్మకి తొడిగాడు.

దోత్‌బెక్ అది చూసి, ఓ క్షణం ఆలోచించి, తన రెండు మేజోళ్ళూ విప్పాడు.